ఏ దారిన వచ్చింది?

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది, చదివేవాళ్లను చివరిదాకా కూర్చోబెట్టే గుణం నీ రాతలో ఉంది. అయితే మధ్యలో ఒకచోట, "తల్లిదండ్రులు అనుభవించినదంతా పిల్లల జన్యువుల్లో రాసి ఉంటుందని సైన్స్ తేల్చేసింది" అన్నావు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే రాస్తున్నాను.

ముందు 'వచ్చింది' అనే మాట చూడు. తండ్రి ముక్కు వచ్చిందంటాం, తండ్రి కోపం వచ్చిందంటాం, తండ్రి పాట కూడా వచ్చిందంటాం. మాటల్లో ఇబ్బంది లేదు. సైన్స్ రాసేటప్పుడు మాత్రం ఏ దారిన వచ్చిందో చెప్పాలి. అండం, శుక్రకణం ద్వారా రావచ్చు. కడుపులో ఉన్న తొమ్మిది నెలల్లో తల్లి ఒంటి నుంచి రావచ్చు. పుట్టాక చూసి, విని, నేర్చుకుని రావచ్చు. ఈ మూడింటినీ నీ వ్యాసం ఒకే దారం మీద గుచ్చేసింది.

ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్‌ని నువ్వు రెండు మాటల్లో కొట్టిపారేశావు. అది అన్యాయం. 1809లో ఆయన పుస్తకం వచ్చేనాటికి, బతికుండగా సంపాదించుకున్న గుణాలు పిల్లలకు సంక్రమిస్తాయని నమ్మినవాడు ఆయనొక్కడే కాడు. ఆ తర్వాత డార్విన్ కూడా నమ్మాడు. ఒంట్లోని ప్రతి భాగం నుంచీ సూక్ష్మమైన రేణువులు బీజకణాలకు, అంటే అండానికీ శుక్రకణానికీ, చేరతాయని 1868లో ఊహించాడు. ఆయన బంధువు గాల్టన్ ఒక రకం కుందేళ్ల రక్తాన్ని ఇంకో రకం కుందేళ్లకు ఎక్కించి, వాటి పిల్లల్లో తేడా ఏమన్నా కనిపిస్తుందేమోనని చూశాడు. కనిపించలేదు.

జర్మన్ జీవశాస్త్రవేత్త వీజ్‌మన్ ఎలుకల సంగతి రాశావు కానీ, అసలు విషయం వదిలేశావు. అయిదు తరాల తల్లిదండ్రుల తోకలు కోశాడు. పుట్టిన 901 పిల్లల్లో ఒక్కదానికీ తోక లేకుండా పోలేదు. కానీ లామార్క్ చెప్పింది అవయవం వాడకం వల్ల పెరగడం, వాడకపోతే తగ్గిపోవడం గురించి. తోక కోయడం వాడకం కాదు, గాయం. కాబట్టి ఆ ప్రయోగం ఒక్కటే లామార్క్‌ని ఓడించిందని రాయకు. వీజ్‌మన్ ఇచ్చిన గట్టి ఆలోచన వేరే ఉంది. జంతువుల్లో బీజకణాల వరుస దేహకణాల నుంచి పెందలాడే విడిపోతుందని ఆయన అన్నాడు. కండ ఎంత పెంచినా ఆ కబురు బీజకణానికి చేరే దారి ఏదని ఆయన అడిగినట్టు. ఆ ప్రశ్నను నీ బల్ల మీద పెట్టుకుని రాయి.

ఇక లైసెంకో. నువ్వు ఒక్క పేరాలో దాటేశావు, అక్కడ ఆగాలి. చలి తగిలించి గింజల స్వభావాన్నే మార్చేస్తానని, ఆ మార్పు తరతరాలా నిలుస్తుందని చెప్పిన మనిషికి సోవియట్ ప్రభుత్వం అండగా నిలిచింది. 1948లో జన్యుశాస్త్రాన్ని అధికారికంగా తొక్కేసింది. దానికి ముందే వావిలోవ్ బలైపోయాడు. ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించి, మనుషులకు ఆకలి లేకుండా చేయాలనుకున్న శాస్త్రవేత్త ఆయన. 1940లో అరెస్టయి, 1943లో సరతోవ్ జైల్లో ఆకలితో చనిపోయాడు. ఈ సంగతి రాయాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు కలం ఆగిపోతుంది. ఇష్టమైన సిద్ధాంతానికి రుజువు అవసరం లేదనుకుంటే ఎంతదాకా పోతుందో నీ పాఠకులకు తెలియాలి.

నీ వాక్యానికి నువ్వు చూపిన ఆధారం డచ్ కరువు. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం దిగ్బంధంతో నెదర్లాండ్స్‌లో జనం తిండి లేక అల్లాడారు. గర్భం మొదలయ్యే రోజుల్లో ఆ ఆకలి తగిలినవాళ్లను, తగలని తోబుట్టువులతో పోల్చి 2008లో ఒక పరిశోధన వచ్చింది. అరవై ఏళ్ల తర్వాత కూడా, ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు, అంటే జన్యువు పనిచేసే తీరును మార్చగల రసాయన గుర్తులు, వాళ్లలో తక్కువగా ఉన్నాయి. అది నిజంగా గొప్ప సంగతే. కానీ ఆ ఆకలి బిడ్డకే సూటిగా తగిలింది, తల్లి నుంచి వారసత్వంగా రాలేదు. అంతేకాదు, ఆడపిల్ల కడుపులో ఉండగానే ఆమె అండాలకు మూలమైన కణాలు తయారవుతాయి. అంటే గర్భిణి పస్తుంటే ఆమెకూ, బిడ్డకూ, ఆ బిడ్డకు పుట్టబోయే బిడ్డ తాలూకు కణానికీ ఒకేసారి సెగ తగులుతుంది. అందుకే గర్భిణి విషయంలో మునిమనవల తరందాకా ప్రభావం కనిపిస్తేనే వారసత్వం మాట ఎత్తాలి. పైగా క్షీరదాల్లో ఈ గుర్తులు చాలామటుకు రెండుసార్లు చెరిగిపోతాయి. ఫలదీకరణ తర్వాత ఒకసారి, బీజకణాలు తయారయ్యేటప్పుడు ఇంకోసారి. కొన్ని తప్పించుకుంటాయి. ఆ 'కొన్ని' దగ్గరే ఇవాళ వాదనంతా జరుగుతోంది.

నేనెందుకింత పట్టుపడుతున్నానో చెప్తాను. చాలా ఏళ్ల కిందట నేనూ దాదాపు నీ వాక్యమే రాశాను. ఒక తల్లి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో గొడవలతో బాగా టెన్షన్ పడ్డానని, తన కొడుకు భయస్తుడు కావడానికి తనే కారణమా అని అడిగింది. ఆవిడ నిద్ర చెడగొట్టింది నా వాక్యం. జవాబు రాశాను, క్షమించమని అడిగాను. అచ్చులో సవరణ కూడా వేయించాను. కానీ ఆ వ్యాసం చదివి ఉత్తరం రాయని తల్లులు ఎంతమందో నాకు ఎప్పటికీ తెలియదు.

అలాగని రెండో కొసకు పోయి "ఆర్జిత గుణాలు ఎక్కడా సంక్రమించవు" అనీ రాయకు. పెరుగు తోడుకోడానికి వాడే ఒక బ్యాక్టీరియా వైరస్ దాడి నుంచి బతికి బయటపడితే, ఆ వైరస్ డీఎన్‌ఏలో చిన్న ముక్కను తన డీఎన్‌ఏలో దాచుకుంటుందని 2007లో చూపించారు. దాని సంతతి ఆ ముక్కతోనే పుడుతుంది, అదే వైరస్‌ను తట్టుకుంటుంది. బతుకులో సంపాదించింది పిల్లలకు అందడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు తెలియదు. ఒకే కణం ఉన్న జీవిలో దేహమూ బీజమూ ఒకటే, అందుకే దారి సూటిగా ఉంది. నీ వ్యాసాన్ని ఇక్కడ మొదలుపెట్టి, అక్కడనుంచి మనుషుల దాకా వస్తే దారి ఎక్కడెక్కడ ఇరుకవుతోందో పాఠకుడికి దానంతటదే కనిపిస్తుంది.

తిరగరాసి పంపు. డచ్ కరువు భాగం పూర్తవగానే అదొక్కటీ ముందు పంపినా సరే, ఆ రోజే చదువుతాను.

నీ
అన్నయ్య