బీడులో వాగు కోసుకుపోతుంటే ముందు ఎక్కడ చెయ్యి వేయాలి?

మేడికొండూరు దగ్గర ఎనిమిదెకరాల మేత బీడు ఉందని, అందులో గొర్రెలు, నాలుగు గేదెలు తిరుగుతాయని రాశారు. మధ్యలో చిన్న వాగు. వానొస్తే ఒడ్డు కోసుకుపోతోంది, సంక్రాంతి దాటితే చుక్క నీరుండదు. చెక్‌డ్యామ్ కట్టాలా, బోరు వేయాలా అని అడిగారు.

ఇప్పటికి ఆ రెండూ వద్దండి. ఎగువ నుంచి మొదలుపెట్టండి. మాది ఫిరంగిపురం వైపు, కొండల కింద ఎర్ర గరుసు నేల. మా బీడుదీ అచ్చం ఇదే కథ. నాన్న బోరు అన్నారు, బాబాయి చెక్‌డ్యామ్ అన్నారు. ఇద్దరినీ ఒప్పించి పైనుంచి కిందికి పని చేసుకుంటూ వచ్చాం.

ఒక్కసారి లెక్క వేసుకోండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4 వేల లీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే మీ ఎనిమిదెకరాల మీద 16 లక్షల లీటర్లు. గొర్రెలు మొదలంటా కొరికేసి, డెక్కలతో గట్టిపడిన నేల మీద అందులో చాలా నీరు ఇంకకుండా జారిపోయి, అంతా ఒకేసారి వాగులో పడుతుంది. ఒడ్డు తెగేది అందుకే, జనవరికల్లా వాగు ఎండేదీ అందుకే.

ఈసారి గట్టి వాన పడుతున్నప్పుడే గొడుగేసుకుని వాగు వెంట ఎగువకు నడవండి. ఒకచోట నేల మెట్టులా తెగి కనపడుతుంది. నీళ్లు ఆ అంచు మీంచి దూకి కింద గుంట పెడతాయి. ఆ గుంట అంచు అడుగును లోపలికి తొలిచేస్తుంది. పైన ఆధారం లేని మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతుంది. అలా ఆ గండి ఏటేటా ఎగువకు పాకుతూ, కొత్తగా బీడును చీల్చుకుంటూ పోతుంది. మా దగ్గర అది నడుమెత్తు ఉండేది. పక్కనున్న వేప చెట్టు వేళ్లు సగం బయటపడి గాల్లో వేలాడేవి. దిగువన ఎంత ఖర్చు పెట్టినా ఈ గండిని ఆపకపోతే పైనుంచి మట్టి వస్తూనే ఉంటుంది, కట్టిన కట్ట కాస్తా పూడిపోతుంది. అందుకే మొదటి పని ఇక్కడే.

నిట్టనిలువుగా ఉన్న అంచును పలుగూ పారలతో చెక్కి ఏటవాలు చేశాం. కింది గుంటలో మనిషి ఒక్కడు కష్టం మీద దొర్లించగల పెద్ద రాళ్లు వేసి, వాలు మీద వాటికంటే చిన్నవి పేర్చి, సందుల్లో గులకరాళ్లు కొట్టాం. సిమెంటు పెట్టలేదు. రాయీ రాయీ బిగుసుకుని ఉంటే చాలు. ఇప్పుడు నీళ్లు దూకవు, మెట్లు దిగే ముసలమ్మలా నెమ్మదిగా దిగుతాయి.

ఆ తర్వాత దిగువన వాగుకు అడ్డంగా చిన్న రాతి కట్టలు వేసుకోండి. అమెరికాలో న్యూ మెక్సికో మెట్ట ప్రాంతపు పశువుల బీళ్లలో బిల్ జీడిక్ అనే రిటైరైన అటవీ ఉద్యోగి ఒక్క రాయి ఎత్తు కట్టలను బాగా ప్రచారం చేశారు. రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చరు, పక్కపక్కనే ఒకే వరస ఎత్తులో నాలుగైదు వరసలు పరుస్తారు. వరదకు కూలడానికి అందులో ఎత్తేమీ ఉండదు. వెనక ఒండ్రు ఆగి గడ్డి మొలుస్తుంది, మరుసటి ఏడు దాని మీద ఇంకో వరస వేసుకోవచ్చు. మన దగ్గర మోకాలెత్తు దాకా కట్టేవాళ్లూ ఉన్నారు. అలా కడితే మధ్య భాగం అంచులకంటే పల్లంగా ఉండాలి, లేకపోతే నీరు పక్కకు తిరిగి ఒడ్డునే కోస్తుంది. రెండు కొసలూ ఒడ్డు లోపలికి దిగాలి. ఎగువ కట్ట అడుగు, దిగువ కట్ట పైభాగం ఒకే మట్టంలో ఉండేలా దూరం చూసుకోండి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడను బుడమేరు ముంచేసిన ఆ వానలకు మా దగ్గర కొన్ని రాళ్లు దొర్లాయి కానీ ఏ కట్టా తెగలేదు.

వాలు మీద కందకాలు కూడా కావాలి. ఇవి వాలుకు అడ్డంగా, పొడవునా ఒకే మట్టంలో ఉండాలి, కంటితో చూసి గీస్తే కుదరదు. రెండు సమానమైన వెదుళ్లు పైన కలిపి కట్టి, మధ్యలో ఒక అడ్డకర్ర పెట్టి, పైనుంచి దారానికి రాయి వేలాడదీయండి. ఒకచోట నిలబెట్టి అడ్డకర్ర మీద దారం తగిలినచోట గుర్తు పెట్టి, వెదురు కాళ్లు రెండూ ఒకదాని చోట ఒకటి వచ్చేలా తిప్పి మళ్లీ గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తులకు సరిగ్గా నడిమధ్యన దారం ఆగినప్పుడల్లా రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అడుగున్నర లోతు చాలు, తీసిన మట్టి దిగువ పక్కకే వేయాలి. మీది నల్లరేగడి అయితే నీళ్లు తొందరగా ఇంకవు, నిలిచిపోయి కట్టనే కొట్టుకుపోతాయి. అలాంటి చోట కొద్దిగా వాలు ఇచ్చి గడ్డి ఉన్న దారిలోకి వదలాలి. ఉపాధి హామీలో తవ్విస్తారేమో మీ ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగండి.

ఇవన్నీ చేసినా జీవాలను ఆపకపోతే లాభం లేదు. నా అనుభవంలో అన్నిటికంటే కష్టమైంది ఇదే, ఎందుకంటే మేత లేనప్పుడు కాపరికి కనిపించే పచ్చదనం ఆ ఒడ్డు ఒక్కటే. ఒడ్డుకు రెండు పక్కలా కంప వేసి, ఒండ్రు పట్టినచోట వట్టివేరు, రెల్లు, గట్టు మీద వావిలి, కానుగ పెట్టాం. వావిలి ఆకును మేకలు కూడా పెద్దగా ముట్టవు. గేదెలు వాగులోకి దిగకుండా నీటి తొట్టి దూరంగా కట్టండి. బీడును మూడు నాలుగు మడులు చేసి, తొలకరి గడ్డి జానెడు లేచేదాకా ఒక్కో మడికీ విరామం ఇవ్వండి. కందకం గట్ల మీద స్టైలో అనే పశుగ్రాసపు మొక్క గింజలు చల్లండి. దాని గింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో కాసేపు ముంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి చల్లితే మొలక బాగుంటుంది.

ఇక చెక్‌డ్యామ్ సంగతి. రెండు మూడు వానాకాలాలు గడిచి పైనుంచి మట్టి రావడం తగ్గాక ఆలోచించండి. వాగు రికార్డులో పోరంబోకు అయితే మన ఇష్టానికి కట్ట కట్టకూడదు, దిగువ రైతుల నీళ్లు ఆపినట్టవుతుంది. సచివాలయంలో ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) చూపించుకుని నీటిపారుదల వాళ్లతో మాట్లాడాకే. బోరుకి మాత్రం తొందరపడొద్దు. నేలలోకి ఇంకనిది బోరులోకి ఎక్కడి నుంచి వస్తుంది? మా వాగులో ఇప్పుడు శివరాత్రి దాకా చెలమ తవ్వితే నీళ్లు పడుతున్నాయి, గొర్రెలకు సరిపోతున్నాయి. నడి వేసవిలో మాత్రం ట్యాంకర్ తప్పట్లేదు, అది దాచను.

మీ నేల ఎర్రదో నల్లదో, ఆ గండి ఎంత లోతుందో, చుట్టుపక్కల రాయి దొరుకుతుందో లేదో రాయండి. దాన్ని బట్టి ఎన్ని ట్రక్కుల రాయి కావాలో చెప్తాను.