అడగండి చెప్తాం: కేబుల్ బిల్లు ఎవరు పెంచుతున్నారండీ?

ప్రశ్న: అండీ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఒకప్పుడు మా ఊళ్ళో కేబుల్ ఒక్కటే ఉండేది, నెలకి 150 పట్టుకెళ్ళేవాడు. ఇప్పుడు కేబుల్, డీటీహెచ్‌లు, ఫైబర్‌నెట్ అన్నీ వచ్చేశాయి. పోటీ పెరిగితే రేటు తగ్గాలి కదా, మరి మొన్న 370 కట్టానేంటి? అడిగితే కేబులబ్బాయి "పైనుంచే పెంచేశారండి బాబూ" అంటన్నాడు. ఆ పైనున్నది ఎవరండీ?

జవాబు: ఆయ్, మీ కేబులబ్బాయి అబద్ధం చెప్పలేదండి, కాకపోతే సగమే చెప్పాడు.

మీ వైపు చెరువులున్నవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుద్ది. భీమవరంలో రొయ్యల మేత అమ్మే షాపులకి లోటు లేదు, ఒకడు కాకపోతే ఇంకొకడు అరువిస్తాడు, బస్తాకి పదో పరకో తగ్గిస్తాడు, కానీ మేత చేసే కంపెనీ రేటు పెంచిందంటే అన్ని షాపుల్లోనూ పెరిగిపోద్ది. కేబులూ డీటీహెచ్చూ ఆ షాపుల్లాంటివే. సరుకు మాత్రం ఛానళ్ళవాళ్ళది, మా టీవీ, జీ తెలుగు, జెమిని, ఈటీవీ, పైన స్పోర్ట్స్. ఒక ఛానల్ సీరియల్ ఇంకో ఛానల్లో దొరకదు. మా నాన్నగారికి ఏడున్నర సీరియల్ బదులు వేరేది పెట్టి చూశాను, టీవీ వంక కాదు, రెండ్రోజులు నా వంక కూడా చూళ్ళేదు. అలాంటి ఛానల్ లేకుండా ఏ ఆపరేటరైనా వ్యాపారం చెయ్యగలడా? 2023 ఫిబ్రవరిలో ఇదే జరిగింది, కొత్త రేట్లకి సంతకం పెట్టని కేబుల్ నెట్‌వర్కులకి స్టార్, జీ, సోనీ సిగ్నల్ ఆపేశాయి, కొన్నాళ్ళకి సర్దుకున్నారు. బేరం ఎవరి చేతిలో ఉందో చూశారుగా.

ఇక మీ బిల్లు సంగతి. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ (ఫోన్లకీ టీవీలకీ రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) కొత్త పద్ధతి పెట్టింది, చూసే ఛానల్‌కే డబ్బు కట్టుకోండి అని. వినడానికి బంగారం. కానీ ముందు వైరు అద్దెలాగా నెట్‌వర్క్ ఫీజు ఒకటి పెట్టారు, వంద ఛానళ్ళకి గరిష్ఠంగా 130, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. అంటే విడిగా డబ్బు కట్టే పే ఛానల్ ఒక్కటీ తీసుకోకముందే మీ పాత 150 అయిపోయింది! దానిపైన ఒక్కో పెద్ద ఛానల్ 19 దాకా. ప్యాక్‌లో పెట్టే ఛానల్ రేటు 19 దాటకూడదని రూల్, మధ్యలో 12 అన్నారు, 2022 నవంబరులో మళ్ళీ 19కే వచ్చారు. విడిగా రేటు ఎక్కువ పెట్టి, ప్యాక్‌గా తీసుకుంటే ఇంత తగ్గింపని చూపిస్తారు, మనం లాభం అనుకుని ప్యాక్ తీసుకుంటాం. 19లో కనీసం 20 శాతం ఆపరేటర్ వైపుకి కమీషన్, ఆపైన ఛానల్‌వాళ్ళు ఇంకో 15 శాతం దాకా ప్రోత్సాహకం ఇచ్చుకోవచ్చు. ఎన్ని ఛానళ్ళు ఎక్కువ అమ్మితే అంత కమీషన్, మరి మీ కేబులబ్బాయి ప్యాకే ఎందుకు అంటగడతాడు అంటే అదీ కథ, ఆ సగం మీకు చెప్పలేదు. నెట్‌వర్క్ ఫీజు మీదున్న పరిమితి కూడా 2024 జులైలో ట్రాయ్ ఎత్తేసింది, పోటీయే చూసుకుంటుందని. మా వీధిలో అయితే ఒక్కడూ తగ్గించలేదు.

పోటీ వల్లే పెరిగే రేటు కూడా ఉందండి. గోదారికి ఎర్రనీరొచ్చాక యానాంలో పులస పాట చూసే ఉంటారు, చేప ఒక్కటి, పాడేవాళ్ళు పదిమంది, ఇంక రేటు ఎక్కడ ఆగుద్ది? ఐపీఎల్ ప్రసార హక్కులూ అంతే. 2018 నుంచి 2022 దాకా టీవీ, డిజిటల్ కలిపి 16,347 కోట్లు, 2023 నుంచి 2027కి టీవీ ఒక్కదానికే 23,575 కోట్లు, డిజిటల్ ఇంకోళ్ళు దానికంటే కాస్త ఎక్కువే పెట్టి పాడుకున్నారు. తీరా చూస్తే పోటీపడి పాడిన ఇద్దరూ 2024 నవంబరులో కలిసి జియోస్టార్ అయిపోయారు. ఆ డబ్బు ప్రకటనల్లో కొంత వస్తుంది, మిగతాది ఎక్కడ రాబడతారో మీకు చెప్పక్కర్లేదు.

పైగా చూసేవాళ్ళు తగ్గుతున్నారు. డీటీహెచ్ కనెక్షన్లు 2020లో దేశం మొత్తమ్మీద ఏడు కోట్ల దాకా ఉండేవి, 2025కి ఆరు కోట్ల లోపుకి వచ్చాయి, కుర్రాళ్ళంతా ఫోన్లోకి పోయారు కదా. ఖర్చు అంతే ఉండి తలలు తగ్గితే తలకి పడేది పెరగడమే. మన కోనసీమ మోరి ఊళ్ళో 2016లో మొదలైన ప్రభుత్వ ఫైబర్‌నెట్ కూడా టీవీ, నెట్, ఫోన్ కలిపి 149 అన్నప్పుడు ఊరూరా సంబరపడ్డాం, ఆ రేటు నిలవలేదు, వైరు ఎవరిదైనా ఛానల్ డబ్బు ఛానల్‌వాడికి పోవాల్సిందే.

ఒక పని చెయ్యండి, మీ రిమోట్ తీసి చూడండి. మా ఇంట్లో ప్యాక్ నిండా ఛానళ్ళు, రిమోట్ మీద అరిగిపోయిన అంకెలు మాత్రం మూడే. ఆ అరిగిన నంబర్ల ఛానళ్ళు కాగితం మీద రాసి, ఇవి విడిగా ఎంతవుద్దో లెక్క చెప్పమని కేబులబ్బాయినడగండి. నాలుగైదే అయితే విడిగా చవక పడొచ్చు, పది దాటితే ప్యాకే నయం. ఆపరేటర్ని మార్చేద్దాం అనుకుంటే మాత్రం ఒకళ్ళ బాక్సు ఇంకొకళ్ళకి పనిచెయ్యదు, కొత్త బాక్సు, బిగింపు ఖర్చు కూడా లెక్కేసుకోండి.

ప్రశ్న: డాబా మీద పాత డిష్ ఖాళీగా పడుంది, రీచార్జ్ మానేశాం. దాంతో దూరదర్శన్ ఫ్రీ డిష్ చూడొచ్చా? (అమలాపురం)

జవాబు: చూడొచ్చు. డిష్‌ని జీశాట్-15 ఉపగ్రహం వైపు తిప్పించి, ఫ్రీ డిష్ బాక్సు ఒక్కసారి కొనుక్కుంటే నెలనెలా కట్టక్కర్లేదు. దూరదర్శన్ తెలుగు ఛానళ్ళు సప్తగిరి, యాదగిరి వస్తాయి, ప్రైవేటు ఛానళ్ళు వేలంలో చోటు కొనుక్కుని వస్తాయి కాబట్టి మారుతుంటాయి, ఇంట్లో చూసే సీరియల్ దాన్లో ఉందో లేదో ముందే కనుక్కోండి. పెళ్ళిళ్ళ సీజన్ వెళ్ళాక పెట్టుకోండి, ఇప్పుడైతే డిష్ తిప్పే కుర్రాడు ఎల్‌ఈడీ స్క్రీన్ల పనిలో ఉండి ఫోనెత్తడు.