వరదలో నానిన టేకు కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: చిట్టినగర్ వైపున మా మామగారు కట్టించిన మండువా ఇంట్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నాలుగు రోజులు రెండడుగుల నీరు నిలిచింది. టేకు ద్వారబంధాలు, స్తంభాల మొదళ్లు నల్లబడ్డాయి; తలుపులు బిగుసుకుపోయాయి. అన్నీ మార్చడానికి 9 లక్షలు అవుతుందని వడ్రంగి అంటున్నారు. నాకు నెలకు 38 వేల పింఛను, బ్యాంకులో 14 లక్షల డిపాజిట్లు ఉన్నాయి. పర్సనల్ లోన్ తీసుకోమని మా అబ్బాయి సలహా. ఏం చేయమంటారు?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, 9 లక్షలను 14 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 20,940 రూపాయలు, అంటే మీ పింఛనులో సగానికి పైగా అవుతుంది. వడ్డీయే మూడున్నర లక్షలు దాటుతుంది. ఆ భారం ఇప్పుడు మీరు తలకెత్తుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

అసలు అన్నీ మార్చాలా అన్నది ముందు తేలాలి. పాత టేకు నాలుగు రోజులు నానినంత మాత్రాన పనికిరాకుండా పోదు. గడప దగ్గర, స్తంభం మొదట్లో స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడండి: మొన ఆగితే చెక్క గట్టిగా ఉన్నట్టే, మెత్తగా లోపలికి దిగితే అక్కడ కుళ్లు పట్టినట్టు. ద్వారబంధాల్లో కుళ్లిన మేరకే కోసి, పాత ఇళ్లు విప్పిన చోట దొరికే టేకుతో అతుకు వేయించుకోవచ్చు. పైకప్పు మోసే స్తంభాలను మాత్రం ఇంజనీరుకు చూపించాకే ముట్టుకోండి. చెక్కలో తేమ మీటరు మీద 12-14 శాతానికి దిగేదాకా పాలిష్ వేయించవద్దు; లోపలి చెమ్మకు అది పొరలుగా లేచిపోయి, పెట్టిన డబ్బు వృథా అవుతుంది. ఏదైనా మార్చక తప్పకపోతే, తీసేసిన టేకుకు విలువ కట్టించి, దానిని అంచనాలో తగ్గించమని అడగండి. ఈ మాట చాలామంది అడగరు, వడ్రంగులు తమంతట తాము చెప్పరు.

మొత్తానికి ఒకే అంకె కాకుండా ఒక్కొక్క ద్వారబంధానికి విడివిడిగా అంచనా రాయించుకొని, పని అయిన మేరకే చెల్లించండి. ముందు చెమ్మ, చెద నివారణ, తరువాత స్తంభాలు, ఆ తరువాత తలుపులు, చివరికి పాలిష్. ఒక ఏడాది ఇంటి ఖర్చు, వైద్యానికి ఉంచిన మొత్తం కదపకుండా, త్వరలో గడువు తీరే చిన్న డిపాజిట్‌తో మొదలుపెట్టండి. అది చాలకపోతే డిపాజిట్ మీదే ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్‌ను రద్దు చేయకుండా, దాని హామీ మీద అవసరమైనంత వాడుకునే అప్పు) తీసుకోండి. దాని వడ్డీ సాధారణంగా డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ, అదీ వాడుకున్న మొత్తానికే పడుతుంది.

మరమ్మతు పూర్తికాగానే ఇంటికి బీమా తీసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా సంస్థలు అందిస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టానికి రక్షణ ఉంది. పాత నష్టానికి గాని, ఏళ్ల తరబడి పాకిన చెమ్మకు గాని పరిహారం రాదు. కనుక బాగుచేయించిన తలుపులను, స్తంభాలను ఫొటోలు తీసి, బిల్లులతో కలిపి ఒక ప్రతి మీ అబ్బాయి దగ్గర ఉంచండి.