దేవమాలి మీద ఎస్ప్రెస్సో తీస్తానన్న మేనకోడలికి

రాయగడ

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఆదివారం తెల్లవారుజామున దేవమాలి మీద ఎనిమిది మందికి, చేత్తో లీవరు నొక్కే ఆ యంత్రంతో ఎస్ప్రెస్సో (ఒత్తిడితో దింపే చిక్కటి కాఫీ) తీసి ఇస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. కోరాపుట్ కొండ, కోరాపుట్ గింజలు, మన పిల్ల చెయ్యి. వినగానే ఎంత పొంగిపోయానో. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. చీకటి, గాలి, చేతిలో మరిగే నీళ్ళు! ఫోన్లో చెబితే సగం విని "సరే మామయ్యా" అంటావని కాగితం మీద పెడుతున్నాను.

తేలికవి ముందు. ఒక్కోసారికి గింజలు 18 గ్రాములు, కప్పులోకి దిగాల్సింది 36 గ్రాములు, పట్టే సమయం 25 నుంచి 35 సెకన్లు. దాన్ని ఇద్దరికి పంచితే నాలుగు సార్లు తీస్తే చాలు. చిన్న తూకం మరిచిపోకు. ఇంట్లో ఫిల్టరు కాఫీ పొడి తీసుకెళ్ళొద్దు, అందులోని చికోరీ తడిస్తే జిగురై, పొడి వేసే చిల్లుల బుట్ట మూసుకుపోతుంది. మిక్సీ పొడి కూడా వద్దు. అందులో రవ్వా పిండీ కలిసి ఉంటాయి, నీళ్ళు రవ్వ ఉన్న చోటే దారి చేసుకుని జారిపోతాయి. చేతి గ్రైండరూ, వేయించి ఓ పది రోజులైన గింజలూ పట్టుకెళ్ళు. కాస్త ముదురుగా వేయించినవైతే మంచిది, ఎందుకో చెబుతాను.

మన రాయగడలో నీళ్ళు 99 డిగ్రీలు దాటాక మరుగుతాయి. దేవమాలి ఎత్తు 1672 మీటర్లు. అక్కడ 94, 95 దగ్గరే మరుగు వచ్చేస్తుంది, ఎంత మంట పెట్టినా అంతకు మించి ఎక్కదు. మరిగాక కాసేపు ఆగి పొయ్యమని చాలామంది చెబుతారు, ఆ మాట కొండ మీద పనికిరాదు. కెటిల్లో తెర్లుతుండగానే పోసెయ్యాలి. పోసేది యంత్రంలోని చల్లటి ఉక్కు సిలిండరులోకైతే ఆ వేడంతా ఉక్కే తాగేస్తుంది, కప్పులోకి పుల్లటి నీళ్ళు దిగుతాయి. అందుకని ముందు సిలిండరు నిండా మరిగే నీళ్ళు పోసి నిమిషం ఉంచు, పారబోసి మళ్ళీ ఒకసారి పోసి ఉంచు. తర్వాతి కప్పులకు ఒక్కసారి చాలు. కాఫీకీ, వేడి చెయ్యడానికీ, కడగడానికీ కలిపి మూడు లీటర్లు పెట్టుకో. ముదురు గింజ తక్కువ వేడికే రుచి వదులుతుంది, లేతగా వేయించింది అక్కడ మొండికేస్తుంది.

ఇప్పుడు నా భయం చెబుతాను. లీవరు దిగకపోవడం.

చిన్నప్పుడు ఇత్తడి ఫిల్టరులో డికాక్షన్ దిగకపోతే పై గిన్నె కాలుతున్నా లాగేదానివి, గుర్తుందా? ఆ తొందర ఇక్కడ పనికిరాదమ్మా. పొడి మరీ మెత్తగా ఉన్నా, 18కి బదులు 20 గ్రాములు కుక్కినా బుట్ట మూసుకుపోతుంది. అప్పుడు అందరూ చేసే పని, ఒళ్ళంతా వేసి నొక్కడం. లీవరు నొక్కితే సిలిండరులో నీళ్ళను కిందికి నెట్టే పిస్టను అడ్డం 40 మిల్లీమీటర్లనుకో, వైశాల్యం పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లు. ఎస్ప్రెస్సోకి కావాల్సిన తొమ్మిది బార్ల ఒత్తిడంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు తొమ్మిది కిలోలు. మొత్తం మీద నూటపది కిలోలకు పైగా బరువు ఆ నీళ్ళ నెత్తిన పడుతుంది. లీవరు పొడుగు వల్ల నీ చేతికి అంత తెలియదు. యంత్రం మాత్రం బండ మీంచి జారుతుంది, లేదా ఒరుగుతుంది.

అది దిగలేదని విసుగొచ్చి లీవరును ఒక్కసారిగా పైకి గుంజడం రెండో తప్పు. పిస్టను వెనక్కి పీల్చి కాఫీ బురదను పైకి లాగుతుంది, పిస్టను చుట్టూ ఉండే రబ్బరు రింగు దగ్గర పొడి పేరుకుని ఆ తర్వాత ప్రతిసారీ కారుతుంది. అన్నిటికన్నా చెడ్డది మూడోది, పైన నీళ్ళుండగానే బుట్ట ఊడదీయడం. పిస్టను కింద చిక్కిన గాలి స్ప్రింగులా బిగిసి ఉంటుంది. పట్టు సడలగానే మరిగే నీళ్ళూ పొడీ మణికట్టు మీదకీ మొహం మీదకీ చిమ్ముతాయి. నా కుడి మణికట్టు మీద మచ్చ ఏమిటని చిన్నప్పుడు అడిగేదానివి. ఇదే.

కాబట్టి ఇలా చెయ్యి. మొదటి పది సెకన్లు ఒత్తిడి చూపే గేజి రెండు, మూడు బార్ల దగ్గరే ఉంచి పొడిని తడవనివ్వు. తర్వాత మెల్లగా పెంచు. ఏడు దాటినా చుక్క పడలేదంటే ఆపెయ్యి. చేతి బరువు కొంచెం కొంచెంగా తీస్తూ గేజిని సున్నాకు రానివ్వు. కింద కప్పు అలాగే ఉంచి అయిదు నిమిషాలు ముట్టుకోకు. ఆ తర్వాత మందపాటి గుడ్డ చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని, ఖాళీ గిన్నె మీద పెట్టి విప్పు. ఆ పొడి పారేసి గ్రైండరు రెండు క్లిక్కులు గరుకుగా తిప్పు. 18 గ్రాములు పోతే పోనీ తల్లీ, నీ చెయ్యి కన్నా ఎక్కువా అవి?

యంత్రం కింద తడిగుడ్డ పరువు, బండ చదునుగా ఉందో లేదో చూసుకో. గాజులు, వాచీ ముందే తీసెయ్యి. పది లీటర్ల మంచినీళ్ళ క్యాను విడిగా ఉంచు, అది కాఫీకి కాదు. కాలితే వెంటనే ఆ నీళ్ళు సన్నని ధారగా ఇరవై నిమిషాలు పొయ్యాలి. పసుపూ పేస్టూ ఐసూ వద్దు.

చలి వేసినా కారులో, డేరాలో స్టవ్ వెలిగించొద్దు. మూసిన చోట దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు. గాలికి అడ్డు పెట్టుకో గానీ గ్యాసు డబ్బాను చుట్టూ మూసెయ్యకు, వేడెక్కితే పేలుతుంది.

రుచి పుల్లగా ఉంటే పొడి ఇంకొంచెం మెత్తగా, చేదుగా ఉంటే గరుకుగా.

మీ అత్త నేసిన పాత ఉన్ని పట్టీ పంపుతున్నాను. నీళ్ళు పోశాక సిలిండరు చుట్టూ కట్టు, వేడి నిలుస్తుంది. కిందికి దిగి సెమిలిగుడ చేరగానే ఫోన్ చెయ్యి, పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

మీ మామయ్య