పెళ్ళికి చిన్న విమానంలో విశాఖ రావచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే గురువుగారూ. మాది రాజాం. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూనే విమానం నడపడం నేర్చుకున్నాడు, ఈమధ్యే ప్రైవేటు పైలట్ లైసెన్సు వచ్చింది. వైశాఖంలో మా చెల్లి పెళ్ళి విశాఖలో, ముహూర్తం రాత్రి తొమ్మిదిన్నరకి. ఆరోజు మధ్యాహ్నం మూడింటికి బేగంపేటలో బయల్దేరి, క్లబ్బు వాళ్ళ నాలుగు సీట్ల సెస్నా 172లో అక్కడున్న అమ్మని, బాబాయిని, పిన్నిని ఎక్కించుకుని వచ్చేస్తానంటున్నాడు. నాన్న ఊరంతా చెప్పేసుకున్నారు. నాకేమో ఒకటే టెన్షన్. ఇది కుదిరే పనేనా?

జవాబు: ఆరోజు, ఆ టైముకి, ఆ నలుగురితో కుదరదమ్మా. మీ తమ్ముడికి పనితనం లేదని కాదు, లైసెన్సు ఊరికే ఇవ్వరు. కానీ ఈ ప్లానులో ప్రతి అంకె అతనికి ఎదురు తిరుగుతోంది, అవన్నీ ఇప్పుడే కాగితం మీద వేసి చూసుకుంటే పెళ్ళినాడు ఎవరూ ఏడవక్కర్లేదు.

ముందు బరువు సంగతి. నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురు ఎక్కేస్తే సరిపోదు. ఈ రకం విమానం మొత్తం బరువు 1157 కిలోలు దాటకూడదు. ఖాళీ విమానమే సుమారు 765 కిలోలుంటుంది. మిగిలింది 390 కిలోలు. ట్యాంకులు నిండా నింపితే ఇంధనమే దాదాపు 145 కిలోలు. ఇక మనుషులకీ సామానుకీ కలిపి మిగిలేది 245. అంటే ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక చిన్న సూట్‌కేసు. ఇంధనం తగ్గించి నలుగుర్నీ ఎక్కిస్తా అంటాడేమో. అప్పుడు పట్టేది 120 లీటర్ల చిల్లర, గంటకి 35 లీటర్లు తాగే ఇంజన్‌కి అది మూడున్నర గంటల లెక్క. ప్రయాణమే రెండున్నర నుంచి మూడు గంటలు, అత్యవసరానికని 45 నిమిషాలకి సరిపడా ఇంధనం ముట్టుకోకుండా ఉంచుకోవాలి. కాస్త ఎదురుగాలి తగిలినా, విశాఖ దగ్గర పది నిమిషాలు చుట్టూ తిరగమన్నా లెక్క తప్పిపోతుంది. సామాను ఊసే ఎత్తలేదు నేనింకా, పెళ్ళికొచ్చే పిన్ని చీరల పెట్టె లేకుండా వస్తుందా?

తర్వాత ఎండ. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉంది. వైశాఖంలో మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో గాలి పల్చబడిపోయి, విమానం ఐదువేల అడుగుల పైన ఎగురుతున్నట్టే ప్రవర్తిస్తుంది. పైకి లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలి, లేచాక ఎత్తు అందుకోవడం నెమ్మది. నిండు బరువుతో అది మరీ కనిపిస్తుంది. తెల్లవారుజామున ఇదే విమానం హాయిగా లేస్తుంది.

అన్నిటికన్నా పెద్దది చీకటి. చూపు మీద ఆధారపడి ఎగిరే పద్ధతిని వీఎఫ్‌ఆర్ అంటారు. మన దేశంలో సూర్యాస్తమయం అయిన 20 నిమిషాల తర్వాత ఆ పద్ధతిలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగరనివ్వరు. మేలో విశాఖలో ఆరుంపావు దాటితే పొద్దు గుంకుతుంది. మూడింటికి బయల్దేరాలనుకున్నవాడు ఆఫీసులో అరగంట ఆలస్యమై, క్లియరెన్సు కోసం మరో అరగంట ఆగాడనుకోండి, గాల్లో ఉండగానే చీకటి పడిపోతుంది. అటు చూస్తే ముహూర్తం, ఇటు చూస్తే పడమటి వెలుగు తగ్గిపోతూ ఉంటుంది. ఆ సమయంలో వెనక్కి తిరగాలన్న ఆలోచన రావడమే కష్టం. మంచి పైలట్లు కూడా చెడిపోయేది అక్కడే, అందుకే నేను ఇంత గట్టిగా చెబుతున్నాను. పెళ్ళిపీటల మీద చెల్లి కూర్చుని ఉందన్న ఒత్తిడి ఏ పైలట్ మీదా పెట్టకూడదు.

దారి సంగతి కూడా చూడండి. బేగంపేట నుంచి విశాఖకి మ్యాపు మీద నేరుగా గీత గీస్తే అది మారేడుమిల్లి అడవుల మీదుగా వెళుతుంది. ఇంజన్ ఆగితే దిగడానికి కింద చదునైన పొలం కనపడదు, పైగా ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ కొండల మీదే ఉరుములమబ్బులు పుట్టుకొస్తాయి. అలాంటి మబ్బుకి కనీసం 37 కిలోమీటర్లు దూరంగా ఉండాలని పైలట్లకి నేర్పుతారు. అదే రాజమండ్రి మీదుగా వస్తే మొత్తం దూరం 505 బదులు 522 కిలోమీటర్లు, అంతే తేడా. ఆ పదిహేడు కిలోమీటర్లకి మీకు దొరికేది గోదావరి పల్లపు పొలాలు, మధురపూడిలో పెద్ద రన్‌వే, అక్కణ్ణించి తుని మీదుగా రైలుపట్టాలూ హైవే పక్కపక్కనే చూసుకుంటూ రావడం. వాతావరణం బాగోకపోతే రాజమండ్రిలో దిగిపోయి కారెక్కి వచ్చేయొచ్చు. మీ తమ్ముడు రావడానికే నిశ్చయించుకుంటే ఆ దారినే రమ్మనండి.

విశాఖ ఎయిర్‌పోర్టు నేవీది, ఐఎన్‌ఎస్ డేగ అనే వాళ్ళ విమాన స్థావరం. విమానాల రాకపోకల్ని అదుపు చేసే ఏటీసీ కూడా నేవీ చేతిలోనే ఉంటుంది. వాళ్ళ విమానాలు ఎగిరే సమయాల్లో బయటివాళ్ళకి స్లాటులు, అంటే దిగడానికీ ఎగరడానికీ ఇచ్చే సమయాలు, తక్కువ. కాబట్టి దిగడానికి అనుమతి, పార్కింగ్‌కి చోటు, దిగాక నేల మీద విమానం పనులు (గ్రౌండ్ హ్యాండ్లింగ్) చూసే ఏజెన్సీ, ఇవన్నీ ముందే ఫోన్లు చేసి ఖాయం చేసుకోవాలి. ప్రయాణం వివరాలతో ఫ్లయిట్ ప్లాన్ వేశాక, గగనతల రక్షణ చూసేవాళ్ళ అనుమతి, అంటే ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్సు నంబరు తీసుకోవాలి, అది లేకుండా కదలకూడదు. ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: పెట్రోలు ఇంజన్ సెస్నాకి అవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ అనే విమానాల పెట్రోలు కావాలి. జెట్‌లకి పోసే ఏటీఎఫ్ దీనికి పనికిరాదు, పొరపాటున పోస్తే గాల్లో ఇంజన్ ఆగిపోతుంది. అవ్‌గ్యాస్ అన్ని ఎయిర్‌పోర్టుల్లో దొరకదు. నిండు ట్యాంకు ఐదున్నర గంటలు వస్తుంది, ముట్టుకోకూడని ఆ 45 నిమిషాల ఇంధనం కూడా కలిపితే రానూపోనూ అంతకంటే తక్కువలో అవదు. తిరుగు ప్రయాణానికి ఇంధనం ఎక్కడ పోయించుకుంటాడో అడగండి. అతని దగ్గర సమాధానం ఉంటే సగం ధైర్యం తెచ్చుకోవచ్చు.

నా సలహా ఇదీ. అమ్మనీ, బాబాయినీ, పిన్నినీ రెండ్రోజుల ముందు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించేయండి. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతారు. తమ్ముడు పెళ్ళికి రెండ్రోజుల ముందే, పొద్దున్నే, తనకన్నా ఎక్కువ అనుభవమున్న పైలట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రాజమండ్రి మీదుగా రమ్మనండి. వాతావరణం కుదరకపోతే అతనికీ రైలు టికెట్టు చేతిలో ఉండాలి. ఖర్చు పంచుకుంటామని బంధువులెవరైనా డబ్బులివ్వబోతే తీసుకోవద్దనండి, ప్రైవేటు లైసెన్సుతో డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం నేరం. నాన్నగారితో మాత్రం మీరే మాట్లాడండి: "వాడు విమానంలో వస్తే మంచిదే, రైల్లో వచ్చినా అంతే మంచిది" అని ఆయన నోటితో ఆ పిల్లాడికి చెప్పిస్తే, అతని భుజాల మీద బరువు దిగిపోతుంది.

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర. చిన్న విమానం మన తీరం వెంబడి విశాఖ వెళితే పైలట్‌కి దారి ఎలా తెలుస్తుంది? సముద్రం మీద ఇంజన్ ఆగితే ఏమిటి గతి?

జవాబు: మీ ఊరి నుంచే మొదలుపెడదాం, మన తీరాన్ని పై నుంచి చూడటం నాకు ఎంతో ఇష్టం. సముద్రం ఎడమచేతి వైపు ఉంచుకుని నైరుతిగా వెళ్ళాలి. కళింగపట్నంలో లైట్‌హౌసు, వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుకమేటలు. కాసేపటికి కళ్ళేపల్లి దగ్గర నాగావళి. తర్వాత కోనాడ దగ్గర చంపావతి, భీమిలి దగ్గర గోస్తని. ఏరు సముద్రంలో కలిసే ప్రతిచోటా నీళ్ళ రంగు మారిపోతుంది, వానలు పడ్డాకైతే ఎర్రటి బురదనీరు తీరం వెంట చాలాదూరం సాగి కనిపిస్తుంది. జీపీఎస్ ఆగిపోయినా ఈ నదుల వరస తెలిసినవాడు దారి తప్పడు. రుషికొండ దాటాక కైలాసగిరి, ఆ వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ. విశాఖ రన్‌వే ఉత్తరాన సింహాచలం కొండలకీ దక్షిణాన యారాడ కొండలకీ మధ్య పల్లంలో ఉంది కాబట్టి, ఏటీసీ చెప్పిన ఎత్తూ దిక్కూ అక్షరాలా పాటించాలి. నేవీ స్థావరం చుట్టూ సొంతంగా ఒక చక్కర కొడదామనుకోవడం అస్సలు పనికిరాదు.

ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోదు. సెస్నా 172 ఒక అడుగు దిగేలోగా తొమ్మిదడుగులు ముందుకి తేలుతుంది. మూడువేల అడుగుల ఎత్తు నుంచి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. కాబట్టి తీరానికి ఆ దూరంలోపే ఎగరాలి, ఎదురుగాలి ఉంటే ఇంకా దగ్గరగా. లైఫ్‌జాకెట్టు సీటు కింద పెట్టుకోవడం కాదు, ఒంటిమీద వేసుకోవాలి. గాలి నింపడం మాత్రం బయటికొచ్చాకే. లోపలే నింపితే తలుపులోంచి దూరలేరు. ఇంకో మాట, మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. గాలినీ పెట్రోలునీ కలిపే కార్బురేటర్ ఉన్న పాత ఇంజన్లలో బయట 25 డిగ్రీలున్నా ఆ కార్బురేటర్ లోపల మంచు కట్టి ఇంజన్ బలం తగ్గిపోతుంది. దానికి వేడిగాలి పంపే మీట, కార్బ్ హీట్, లాగడం అలవాటు చేసుకోవాలి.

ప్రశ్న: భోగాపురంలో మా బంధువుల భూమి ఎయిర్‌పోర్టుకి పోయింది. అంత పెద్ద రన్‌వే మీద చిన్న విమానాలు దిగడానికి ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: 2023 మేలో శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్టు రన్‌వే 3800 మీటర్లు. చిన్న విమానానికి ఐదారువందల మీటర్లు చాలు. పొడవుతో ఇబ్బంది లేదు, ముందు దిగిన పెద్ద జెట్ రెక్కల నుంచి లేచే సుడిగాలితోనే ఇబ్బంది. అది కంటికి కనపడదు, చిన్న విమానాన్ని తిరగేయగలదు. అందుకే పెద్ద విమానం చక్రాలు తాకిన చోటు దాటి దిగమంటారు, లేదా రెండుమూడు నిమిషాలు ఆగమంటారు. మీవాళ్ళు భూములిచ్చారు కాబట్టి ఆ ఊరి పిల్లల్లో కొందరైనా విమానం నడిపే సీట్లో కూర్చోవాలని నా కోరిక.

ప్రశ్న: నేను బొబ్బిలిలో ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. అద్దాలున్నాయి. పైలట్ కాగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కాగలవు తల్లీ. అద్దాలుంటే పైలట్ కాలేరన్నది వట్టిమాట, అద్దాలతో చూపు సరిపోతే చాలు. రంగులు పోల్చుకోవడంలో లోపం ఉంటేనే కష్టం. స్టూడెంట్ లైసెన్సుకి 16 ఏళ్ళు, ప్రైవేటు లైసెన్సుకి 17, ఉద్యోగానికి కావాల్సిన కమర్షియల్ లైసెన్సుకి 18 నిండాలి. దానికి 200 గంటలు ఎగరాలి, విమానయానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ రాతపరీక్షలు పాసవ్వాలి. ఫీజు లక్షల్లో ఉంటుంది, అందుకే వరస తప్పొద్దు: డబ్బు కట్టడానికి ముందు మెడికల్, అంటే ఆరోగ్య పరీక్షలు. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర ముందు క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత ఇంకా కఠినమైన క్లాస్ 1. రెండూ చేతికొచ్చాకే ఏ స్కూల్లోనైనా చేరు. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్రప్రభుత్వ అకాడమీ ఉంది, ప్రవేశపరీక్ష రాసి చేరాలి, దానికి నీ లెక్కలూ ఫిజిక్సే పనికొస్తాయి. ఏ స్కూలుకి వెళ్ళినా ఆఫీసులో కూర్చుని బ్రోషర్ చూడకు, నేరుగా విమానాలు నిలిపే షెడ్డుకి (హ్యాంగర్‌కి) వెళ్ళి ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయో, నెలకి ఒక్కో విద్యార్థికి ఎన్ని గంటలు దొరుకుతున్నాయో అక్కడున్న పిల్లల్నే అడుగు. మీ నాన్నగారిని కూడా తీసుకెళ్ళు.