చూపించినప్పుడే చెప్పమన్నాడా?

నాయనా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పదకొండు నిమిషాలు. మొదటిసారి కోపం వినబడింది, రెండోసారి ఏడుపు వినబడింది. ఫోన్ చేద్దామనుకుని మానేశాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డొస్తావు, నేనూ ఊరుకోను, ఇద్దరం అరుచుకుని ప్రార్థన చేసుకుని పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను.

నాకు అర్థమైంది ఇది. ఉపవాస కూటాల మూడో రోజు దేవుడు నీకు సంఘం గురించి ఒక దర్శనం చూపించాడు. పాస్టరుగారికి చెప్పావు. ఆయన "ప్రార్థన చేద్దాం బాబూ, కనిపెడదాం" అన్నారు. ఎనిమిది నెలలైంది, మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు ఆదివారం సాక్ష్యాల టైములో మైకు తీసుకుని చెప్పెయ్యాలా, యూట్యూబ్‌లో పెట్టాలా, లేక బయటికొచ్చి సొంత పరిచర్య మొదలుపెట్టాలా అని అడుగుతున్నావు.

మూడూ వద్దు. ఎందుకో చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి, ఇది మన సంఘంలో చాలామందికి తెలియదు.

నాకు ఈ ప్రవచన వరం ఉందని తెలిసిన కొత్త. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఒక రాత్రి ప్రార్థనలో మా సంఘంలో ఒక కుటుంబం వాళ్ల ఇల్లు కనబడింది. ఇంటి ముందు షామియానా, అరుగు నిండా జనం, అద్దె కుర్చీలు, గేటు పక్కన చెప్పుల కుప్ప. ఆ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంది. ఇంకేముంది! ఆ వారం వాళ్లింట్లో గృహ కూడిక జరుగుతుంటే అందరి ముందూ లేచి, మూడు నెలల్లో ఈ ఇంట పెళ్లి జరుగుతుంది, ప్రభువు చూపించాడు అనేశాను. మూడు నెలలని నాకెవరూ చెప్పలేదు. నోట్లోంచి వచ్చింది, అంతే. అందరూ ఆమేన్ అంటుంటే ఆ ఊపులో ఒక అంకె కూడా వచ్చేసింది. వాళ్లు నా మాట పట్టుకుని, అంతకు ముందు వద్దనుకున్న సంబంధాన్నే మళ్లీ పిలిపించి, వడ్డీకి తెచ్చి కొంత డబ్బు ముందే ఇచ్చారు. రెండో నెలలో ఆ పిల్ల తండ్రికి గుండెపోటు వచ్చింది. షామియానా వేశారు. అచ్చం నేను చూసినట్టే, చెప్పుల కుప్పతో సహా.

సంబంధం తప్పిపోయింది. ఇచ్చిన డబ్బులో సగమే తిరిగొచ్చింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది. ఏడాది దాకా వాళ్ల వీధిలో నడవలేక చుట్టూ తిరిగి కూరగాయలకి వెళ్లేదాన్ని. చివరికి అప్పటి పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లి తప్పు ఒప్పించారు.

నేను చూసింది అబద్ధం కాదు నాయనా. కానీ పెళ్లి అన్న అర్థం నాది, మూడు నెలలన్న గడువూ నాదే. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఇంటాయన కోసం మోకాళ్ల మీద ఉండమని నాకు చూపించాడేమో. ఆ రెండు నెలలూ నేను చేసిన ప్రార్థన ఏంటో తెలుసా? నా ప్రవచనం నెరవేరాలని.

ఇప్పుడు నీ పాస్టరుగారు అన్న మాట దగ్గరికి వద్దాం. కనిపెట్టడం. మన తెలుగు బైబిల్లో ఎదురుచూడమని చెప్పే చోట్ల ఎక్కువగా ఈ మాటే ఉంటుంది, నువ్వేమో దాన్ని వాయిదా వెయ్యడం అని వింటున్నావు. మన ఇళ్లల్లో ఆ మాట ఎలా వాడతాం? జ్వరం పిల్లాడి పక్కన కూర్చుని "నువ్వు కనిపెట్టుకుని ఉండు, నేను మందులు తెస్తా" అంటాం. అలా కూర్చున్నవాళ్లు నిద్రపోరు, గంటకోసారి నుదురు ముట్టుకుని చూస్తారు. ఈ ఎనిమిది నెలల్లో నీ దర్శనం పక్కన అలా ఎన్నిసార్లు కూర్చున్నావు? పాస్టరుగారి మొహం చూడటానికే సరిపోయింది కదా నీకు.

బైబిల్లో యిర్మీయా గ్రంథం 42వ అధ్యాయం ఈ రాత్రి చదువు. యెరూషలేము కూలిపోయింది, మిగిలినవాళ్లు ఐగుప్తుకి, అంటే ఈజిప్టుకి పారిపోదామా ఉందామా అన్న భయంతో వచ్చి యిర్మీయా ప్రవక్తని అడుగుతున్నారు. అంతకంటే అర్జెంటు ఏముంటుంది? ఆయన ప్రార్థన చేస్తానన్నాడు. జవాబు పది రోజులకి వచ్చింది. ఆ పది రోజులు ఆయన వాళ్ల మధ్య ఎలా తిరిగాడా అని నేను చాలాసార్లు అనుకుంటాను. సైన్యాధిపతుల దగ్గర్నుంచి పిల్లలదాకా అందరూ ఆయన నోటి వంకే చూస్తుంటారు, ఆయనకి ఏమనిపిస్తుందో సొంతంగా చెప్పెయ్యొచ్చు, నలభై ఏళ్ల అనుభవం ఉంది, ఊహించగలడు కూడా. చెప్పలేదు. తీరా చెప్పాక నువ్వు అబద్ధమాడుతున్నావన్నారు, అది వేరే సంగతి.

అదే యిర్మీయా 28లో ఇంకా బాగుంటుంది. హనన్యా అనే ఇంకో ప్రవక్త గుడిలో అందరి ముందూ లేచి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, చెరలోకి పోయినవాళ్లు తిరిగొచ్చేస్తారు అన్నాడు. జనానికి ఎంత ఇష్టమైన మాట! యిర్మీయా ముందు ఆమేన్ అన్నాడు, అలాగే జరగాలి అన్నాడు, తర్వాత పాత ప్రవక్తలు ఏం చెప్పేవాళ్లో, శాంతి ప్రవచనానికి రుజువు ఏంటో గుర్తుచేశాడు. బబులోనుకి లొంగాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా లాగి విరగ్గొట్టాడు. అప్పుడు యిర్మీయా ఏం చేశాడు? తన దారిన వెళ్లిపోయాడు. అంతే రాసుంది. జవాబు చెప్పడానికి ఆ క్షణాన ఆయన దగ్గర దేవుడిచ్చిన మాట లేదు కాబట్టి ఓడిపోయినవాడిలా కనబడుతూ ఇంటికి పోయాడు. మాట తర్వాత వచ్చింది, వచ్చాకే తిరిగెళ్లాడు. చెర డెబ్బై ఏళ్లని ఆ పక్క 29వ అధ్యాయంలో ఉంది, రెండు కాదు. నేను ఏ మైకు ముందైనా నోరు మూసుకోగలిగానంటే ఆ ఒక్క వచనం వల్లే.

"నా వల్ల కాదమ్మా, లోపల మంటలా ఉంది, ఆపుకోలేను" అన్నావు. ఆపుకోవచ్చు. కొరింథీయులకి పౌలు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలో ఉన్నాయని స్పష్టంగా ఉంది. ఇద్దరు ముగ్గురు చెప్పాలి, మిగతావాళ్లు వివేచించాలి, పక్కవాడికి బయలుపడితే మొదటివాడు ఊరుకోవాలి అని కూడా ఉంది. అంటే ఆత్మ నడిపించేవాడికి ఊరుకోవడం కూడా వచ్చుండాలి. యెహెజ్కేలు ప్రవక్తయితే చెరపట్టబడ్డవాళ్ల మధ్య కెబారు నది దగ్గర ఏడు రోజులు నోరెత్తకుండా కూర్చున్నాడు, మాట్లాడటం ఆ తర్వాత. వాళ్లతోబాటు కూర్చోకుండా వాళ్ల గురించి చెప్పడం సులువు.

సరే, పనికొచ్చే మాటలు.

ఒక నోటుబుక్కు కొను. ఫోన్లో వద్దు, ఫోన్లో ఉన్నది ఎవరికో ఒకరికి ఫార్వర్డ్ అయిపోతుంది. ఎడమ పేజీలో తేదీ వేసి చూసింది మాత్రమే రాయి, చూసింది చూసినట్టు, షామియానా అయితే షామియానా అనే. నీకు అనిపించిన అర్థం కుడి పేజీలో రాయి. నేను ఇలా రాయడం మొదలుపెట్టి చాలా ఏళ్లైంది, ఇప్పుడు తిరగేస్తే ఎడమ పేజీలు చాలా మటుకు నిలబడ్డాయి, కుడి పేజీల్లో సగానికి పైగా నేను కొట్టేసినవే. హబక్కూకు ప్రవక్తకి దేవుడు దర్శనాన్ని పలక మీద రాయమన్నాడు, దానికో నిర్ణయకాలం ఉంది, కనిపెట్టమన్నాడు. లైవ్ పెట్టమనలేదు.

పెళ్లి, గర్భఫలం, వీసా, రోగం. ఈ నాలుగింటిలో ఎవరికీ తేదీ చెప్పకు. ఎన్ని ఉపవాసాలు చేసినా సరే. వచ్చే సంవత్సరం ఈపాటికి నీ ఒడిలో బిడ్డ ఉంటుందని డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చెప్పించుకున్న చెల్లెళ్లు తర్వాతి 31కి గుడికి రాకుండా ఇంట్లో ఉండిపోవడం నేను చూశాను. చెప్పినాయన అప్పటికి ఇంకో ఊళ్లో ఇంకో వాగ్దానం చెప్తూ ఉంటాడు. మందులు ఆపమని ఎవరికైనా చెప్పాలనిపిస్తే అది ఏ ఆత్మో ఆలోచించాల్సిన పని కూడా లేదు, నోరు మూసుకో.

యూట్యూబ్ గురించి. 2020 అమెరికా ఎన్నికలప్పుడు అక్కడ పేరున్న ప్రవక్తలు చాలామంది ట్రంప్ మళ్లీ గెలుస్తాడని దేవుడు చెప్పాడన్నారు. బైడెన్ గెలిచాడు. వాళ్లలో ఒకాయన తప్పు చెప్పానని బహిరంగంగా క్షమాపణ అడిగితే, ఆయన్ని నమ్మినవాళ్లే తిట్టారు, చంపుతామని బెదిరించారు. ఆ మరుసటి ఏడాది అక్కడి నాయకులు కొందరు కలిసి ప్రవచన పరిచర్యకి కొన్ని నియమాలు రాసి సంతకాలు పెట్టారు, పదిమందిలో చెప్పిన మాట తప్పితే పదిమందిలోనే ఒప్పుకోవాలని అందులో ఉంది. ఇదేం కొత్త కాదు. నాతాను ప్రవక్త దావీదు రాజుతో నీ మనసులో ఉన్నదంతా చెయ్యి, మందిరం కట్టు అన్నాడు. ఆ రాత్రే దేవుడు కాదన్నాడు. తెల్లారి వెళ్లి రాజు ముందు నిలబడి నిన్న చెప్పింది మార్చి చెప్పాడు. నువ్వు వీడియో పెడితే ఆ మార్పు ఎవరి దగ్గరికెళ్లి చెప్తావు? చూసినవాళ్ల ఇళ్లు నీకు తెలుసా?

సొంత పరిచర్య మాటకొస్తే, ఒద్దని నేను ఎప్పటికీ అనను. భక్త్ సింగ్ గారు 1933 నుంచీ మన దేశంలో తిరిగి వాక్యం చెప్పినాయన, ఆయన పేరు చెప్తే జనం వచ్చేవాళ్లు. అయినా 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద కొంతమందితో కలిసి రాత్రంతా ప్రార్థనలో ఉన్నాకే సంఘం మొదలుపెట్టారు. నువ్వు వెళ్లాలనుకుంటున్నది దేని మీద? నీ వాయిస్ మెసేజ్‌లో "ఆయన నన్ను పట్టించుకోలేదు" అన్న మాట నాలుగుసార్లు ఉంది. అలిగి కట్టిన సంఘం అలిగినవాళ్లతోనే నిండుతుంది, మన జిల్లాలోనే ఎన్ని లేవు.

పాస్టరుగారిని కూడా ఒక పక్కనుంచి చూడు. నేను ఆయన్ని వెనకేసుకురావడం లేదు, కనీసం రెండు నెలలకోసారైనా నిన్ను పిలిచి మాట్లాడి ఉండాల్సింది, ఆ మాట ఆయనతో నేనే అంటాను. కానీ ఆయన దగ్గరికి నెలకి ఎంతమంది దర్శనాలు పట్టుకొస్తారో నీకు తెలుసా? స్లాబు వెయ్యమని ఒకరికి కనబడుతుంది, వెయ్యొద్దని ఇంకొకరికి కనబడుతుంది, ఇద్దరూ ఉపవాసం ఉన్నవాళ్లే. నువ్వే వెళ్లి కూర్చో. ప్రవచనం ఎత్తకు. "అయ్యగారూ, ఆ సంగతిలో నేను చెప్పిందాంట్లో ఏదైనా మీకు తేడాగా అనిపించిందా" అని అడిగి, ఆయన చెప్పింది పూర్తయ్యేదాకా విను.

నీ దర్శనంలో ఉన్నది హెచ్చరిక అన్నావు. వివరం నాకు చెప్పలేదు, మంచిపని చేశావు. అపొస్తలుల కార్యాల్లో అగబు అనే ప్రవక్త కరువు రాబోతుందని చెప్తే అంతియొకయ శిష్యులు భయపడుతూ కూర్చోలేదు, ఎవరి శక్తికొద్దీ వాళ్లు డబ్బు పోగుచేసి బర్నబా సౌలు చేత యూదయకి పంపారు. నీ హెచ్చరిక నిజమే అయితే దెబ్బ తగిలేది ఎవరికో నీకు ఈపాటికి తెలిసుండాలి. వాళ్ల పేర్లు పెట్టి ఈ ఎనిమిది నెలల్లో ప్రార్థన చేశావా? వాళ్లింటికి ఒక్కసారైనా ఊరికే వెళ్లి కాఫీ తాగొచ్చావా? ఆ పని చెయ్యడానికి పాస్టరుగారి పర్మిషన్ అక్కర్లేదు కదా.

దానియేలు ప్రవక్త దర్శనం చూసి కొన్నాళ్లు జబ్బుపడ్డాడు, తర్వాత లేచి రాజు పని చేసుకున్నాడు. నువ్వు ఆఫీసుకి సెలవు పెట్టావని నిన్ను కన్నతల్లి చెప్పింది. సోమవారం వెళ్లు. రాత్రి అన్నం తిను, ఉపవాసం చాలించు, నీరసానికి వచ్చే కలల్ని కూడా దర్శనాలనుకునే వయసు నీది, నాకూ అయ్యాయి అలాంటివి.

నోటుబుక్కు కొన్నాక అట్ట ఫోటో పెట్టు, చూస్తాను. లోపల రాసింది మాత్రం పంపకు.

ప్రభువు నామంలో వందనాలు,
అమ్మ