మెరుపును నమ్మకు, అమ్మలూ

అమ్మలూ,

మెదడులో సంకేతాలు మోసే గ్లుటమేట్ ఎక్కువైతే న్యూరాన్లలో (నాడీకణాల్లో) శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఏమవుతాయో పరిశోధించడానికి బెంగళూరు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత పొంగిపోయానో, అంత టెన్షనూ పట్టుకుంది. అదే పని చేసినదాన్ని కదా.

మొదట చిన్న సంగతులు. ల్యాబ్‌లో పెంచే కణాలకు రెండు వారాల వయసు రానీ. గ్లుటమేట్ తగిలితే తెరుచుకుని కాల్షియాన్ని లోపలికి వదిలే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు లేత న్యూరాన్లలో తక్కువ, గ్లుటమేట్ పోసినా తట్టుకుంటాయి. ద్రావణంలో ఆ గ్రాహకాలను మూసేసే మెగ్నీషియం తీసేయ్, అవి తెరుచుకోవడానికి కావలసిన గ్లైసీన్ కలుపు. కణాలను పెంచడానికి వాడే సీరంలోనూ గ్లుటమేట్ ఉంటుందని మరచిపోకు.

ఇక నా అసలు భయం. గ్రాహకాలు తెరుచుకుని కాల్షియం ముంచెత్తితే, మైటోకాండ్రియా తమ పొర మీది విద్యుత్ ఒత్తిడితో దాన్ని లాక్కుని కణాన్ని కాపాడతాయి. మోయలేనంత అయితే ఆ ఒత్తిడే పడిపోతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీ ఆగుతుంది. ఈ ఒత్తిడిని చూసేది, ఒత్తిడి ఉన్నచోట చేరి వెలిగే టీఎంఆర్‌ఎం రంగుతో.

మా సీనియర్ ఒకాయన ఆ రంగు ఎక్కువ మోతాదులో వాడారు. గ్లుటమేట్ వేయగానే కణం మెరిసింది. మైటోకాండ్రియా బలపడ్డాయని నెలల తరబడి నమ్మి, శాస్త్రసభలో పోస్టర్ కూడా పెట్టారు. నిజానికి రంగు ఎక్కువైతే మైటోకాండ్రియాలో గుమిగూడి తన వెలుగును తానే అణచుకుంటుంది. ఒత్తిడి పడిపోతే కణంలోకి కారి మెరుస్తుంది. ఆయన సంబరపడింది ఆ మెరుపుకే. "చివర్లో ఎఫ్‌సీసీపీ వేసి చూశారా?" అని, ఆ ఒత్తిడిని చెరిపేసే రసాయనం గురించి సభలో ఒక పెద్దాయన అడిగితే నోట మాట రాలేదు. ఆ సాయంత్రం చుట్టిన పోస్టర్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. ఎంత పిలిచినా భోజనానికి రాలేదు. ఏడాది తిరక్కుండా పరిశోధనే మానేశారు. మంచి బుర్ర, తల్లీ!

అందుకే ప్రతి ప్రయోగం చివర ఎఫ్‌సీసీపీ వెయ్. అది ఒత్తిడిని పూర్తిగా తీసేస్తుంది. అప్పుడు కణం మెరిస్తే రంగు ఎక్కువ వేశావని, మసకబారితే తక్కువ మోతాదేనని తెలుస్తుంది. తక్కువ మోతాదులోనూ ఒక చిక్కుంది: గ్లుటమేట్ కణం బయటి పొర ఒత్తిడినీ తగ్గిస్తుంది కాబట్టి మైటోకాండ్రియా బాగున్నా వెలుగు తగ్గొచ్చు. బయటి పొరను విడిగా కొలువు. బద్ధకించావో, ఊరుకోను!

నువ్వు వెళ్లే ఊళ్లోనే 1964లో రావు, అడిగ, శర్మ అనే శాస్త్రవేత్తలు కేసరి పప్పులోని ఓడాప్‌ను వేరుచేశారు. గ్లుటమేట్‌లాగే గ్రాహకాలను రెచ్చగొట్టే విషం అది. కరువుకాలంలో ఆ పప్పే తిని కాళ్లు బిగుసుకుపోయిన పేదవాళ్లు ఎందరో. నీ పని వాళ్లదాకా వెళ్లాలని నా ఆశ.

రాత్రిళ్లు తిండి మానేసి మైక్రోస్కోప్ ముందు కూర్చోకు. మొదటి గ్రాఫ్ రాగానే నాకు పంపు, అర్ధరాత్రైనా చూస్తాను.

మీ పెద్దమ్మ